ఊరంతా తిప్పకండి, ఒక్క చోటుని ఏడాదంతా చూడనివ్వండి

మీరు అడిగింది: బెంగళూరులో హోమ్‌స్కూలింగ్ చేసే తెలుగు కుటుంబాలు పిల్లలతో రోజూ ఏం చేస్తాయి, కాలాన్ని బట్టి బయట ఏం నేర్పిస్తాయి, సిలబస్ వెనకబడిపోదా అని.

మేం చేస్తున్నాం. మాది మదనపల్లె, ఇక్కడ రామమూర్తినగర్ వైపు ఉంటాం. అమ్మాయికి పదకొండేళ్లు, బాబుకి ఎనిమిది. అమ్మాయిని రెండో క్లాసు అయ్యాక బడి మానిపించాం. బాబు అసలు బడి గడపే తొక్కలేదు. టైమ్‌టేబుల్ అంటారా, పొద్దున ఓ రెండు గంటలు లెక్కలు, చదవడం, రాయడం. తెలుగు ఒకరోజు, కన్నడ ఒకరోజు. మిగతా పొద్దంతా మీరు అడిగిన 'బయట'దే. దాని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, అదే చెబుతాను.

కొత్తగా హోమ్‌స్కూలింగ్ మొదలుపెట్టినవాళ్లు పిల్లల్ని ఊరంతా తిప్పుతారు. ఈ వారం బన్నేరుఘట్ట, పైవారం నంది కొండలు, ఆ పైవారం ఇంకేదో ఫామ్. దానికి తోడు 'నేచర్ క్యాంప్' పేరుతో ఒక్క పూటకి వేలు వసూలు చేసేవాళ్లు వచ్చారు. పిల్లాడి చేతికి భూతద్దం ఇచ్చి, రెండు ఆకులు అట్టకి అంటింపజేసి, ఫొటో తీసి పంపిస్తారు. పిల్లలు చాలా చూస్తారు, కానీ మార్పు కనపడదు. చోటు మారకుండా ఉంటేనే కాలం మారడం కంటికి ఆనుతుంది. అందుకే మేం ఏడాది పొడవునా పట్టుకున్నవి మూడే: మా సందు మలుపులో కానుగ చెట్టు, నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న చెరువు, మేడ మీద ఒక పైపు.

కానుగ చెట్టు మన ఊళ్లలో కొత్తేం కాదు కాబట్టి ఎవరూ తలెత్తి చూడరు. ఫిబ్రవరి నెలాఖరుకి ఆకు పండుతుంది, తర్వాత కొన్నాళ్లు బోసిగా నిలబడుతుంది, మార్చిలో మెరిసే లేత చిగురు వేస్తుంది. పూత వచ్చాక పొద్దున్నే చెట్టు కింద నిలబడితే తేనెటీగల మోత వినపడుతుంది. ఆకుల మీద పచ్చటి బుడిపెలు లేస్తాయి, చూశారా? మా బాబు అవి కాయలనుకుని గోటితో చీల్చి చూశాడు. లోపల గింజ లేదు. కంటికి ఆనని సన్నటి నల్లి ఆకులో చేరితే ఆకే దాని చుట్టూ అలా ఉబ్బుతుంది. ఆ ఏడంతా వాడు బుడిపె లేని ఆకు కోసం వెతికాడు. సీజన్‌వాచ్ అని దేశమంతా నడిచే కార్యక్రమం ఒకటి ఉంది. ఒక చెట్టుని ఎంచుకుని వారం వారం ఆకు, పూత, కాయ ఎంతెంత ఉన్నాయో నమోదు చేయాలి. అందులో కానుగ కూడా ఉంది. పిల్లలు ఎవరైనా చేయొచ్చు.

ఇక్కడో మాట చెప్పకుండా ఉండలేను. మా పక్క అపార్ట్‌మెంట్‌వాళ్లు పొద్దున ఏడు కాకముందే రాలిన పూలూ ఆకులూ ఊడ్పించి ఓ మూల తగలబెట్టిస్తారు. చెత్త అట. నిండా పూత మీదున్న కొమ్మల్ని కార్ల మీద పూలు పడుతున్నాయని నరికించారు. ఆ కార్ల యజమానుల పిల్లలే ఆదివారం డబ్బు కట్టి నేచర్ క్యాంప్‌కి పోతారు. చెరువు సంగతీ అంతే, పొద్దున పదింటికల్లా గేటుకి తాళం. పిల్లలకి ఖాళీ దొరికే వేళకే చెరువుకి సెలవు.

ఇప్పుడు పైపు సంగతి. మా ఇంట్లో జరిగిన చదువుల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే.

మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన ఖాళీ సిమెంటు దిమ్మె ఉంది. దాని మీద సరిగ్గా మీటరు ఎత్తు వచ్చేలా ఒక జీఐ పైపు పాతించాం. దారానికి నట్టు కట్టి వేలాడదీసి, పైపు నిట్టనిలువుగా ఉందో లేదో నాలుగు వైపుల నుంచి చూసుకున్నాం. డిసెంబర్ మూడో వారంలో మొదలుపెట్టాం. పని ఒక్కటే. ప్రతి ఆదివారం మధ్యాహ్నం నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్న క్షణం కనిపెట్టి, దాని కొస దగ్గర గీత గీసి తేదీ వేయాలి. మొదట సుద్దముక్కతో గీశారు, తర్వాత పెయింటుతో.

మొదటి గీత ఉత్తరం వైపు, 74 సెంటీమీటర్ల దగ్గర పడింది. తర్వాతి రెండు మూడు వారాలు గీతలు దాదాపు ఒకదాని మీద ఒకటే. బాబుకి విసుగొచ్చింది. ఫిబ్రవరి వచ్చేసరికి గీతల మధ్య ఎడం పెరిగింది. మార్చిలో వారానికి మూడు వేళ్ల మందం జరిగేది. 21వ తేదీ ప్రాంతంలో 23 సెంటీమీటర్లు. "అమ్మా, సూర్యుడు డిసెంబర్‌లో నిలబడిపోయి ఇప్పుడు పరిగెత్తుతున్నాడేంటి?" అని మా అమ్మాయి అడిగింది. ఏ పుస్తకం చదివినా ఆ ప్రశ్న పుట్టేది కాదు. ఇంకో సంగతి కూడా తనే పట్టుకుంది. నీడ పొట్టిదయ్యే సమయం కూడా ఒక్కచోట ఉండదు. డిసెంబర్ నెలాఖర్లో పన్నెండుంపావు దాటాక వచ్చింది ఫిబ్రవరిలో 12:34 దాకా జరిగింది. మన గడియారం కాకినాడ పక్కగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశానిది, మనం దానికి పడమట ఉన్నాం, అందుకే పన్నెండుకి సూర్యుడు నడినెత్తిన ఉండడు. పైగా భూమి తిరిగే దారి పూర్తి గుండ్రం కాదు, ఇరుసేమో వంగి ఉంటుంది, ఆ రెండిటివల్లా సమయం ముందుకీ వెనక్కీ ఊగుతుంది.

సంక్రాంతికి మా మామగారు ఉత్తరాయణం వచ్చిందన్నారు. "లేదు తాతయ్యా, డిసెంబర్‌లోనే వచ్చేసింది, గీతలు చూడు" అని మా అమ్మాయి ఆయన్ని మేడ మీదకి లాక్కెళ్లింది. ఆయన పంచాంగం చేత్తో పట్టుకునే ఎక్కారు. ఇద్దరూ గంటసేపు వాదించుకున్నారు. చివరికి తేలిందేమిటంటే, భూమి ఇరుసు దిక్కు 72 ఏళ్లకి ఒక డిగ్రీ చొప్పున మెల్లగా మారుతుంది. మన పంచాంగం నక్షత్రాలను బట్టి మకర సంక్రమణం లెక్కిస్తుంది, నీడ మాత్రం సూర్యుణ్ణి బట్టి నడుస్తుంది. సుమారు 1,700 ఏళ్ల కిందట రెండూ ఒకే రోజు పడేవి. ఆ తర్వాత ఆయన ప్రతి ఆదివారం మాకన్నా ముందే మేడ మీద ఉండేవారు.

ఏప్రిల్ 24. బెంగళూరులో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నీడ మాయమయ్యే రోజు. నేల కాలుతోంది, గోనెపట్టా తడిపి దాని మీద నిలబడ్డాం. బాబు స్టీలు గ్లాసు, క్రికెట్ బ్యాటు, వాళ్ల నాన్న హెల్మెట్, దొరికినవన్నీ వరసగా పెట్టాడు. హైదరాబాద్‌లో మా అక్క కొడుకు వాళ్ల మేడ మీద మీటరు కర్ర నిలబెట్టుకుని వీడియో కాల్‌లో ఉన్నాడు. వాడిది మామూలు బడే, అప్పటికి సెలవులు. అక్కడ నడిమధ్యాహ్నం మనకన్నా మూడు నాలుగు నిమిషాలు ముందొస్తుంది కాబట్టి వాడి కొలత ముందు తీసుకున్నాం. ఇక్కడ 12:17కి పైపు నీడ మొదట్లోకి ముడుచుకుపోయి, చుట్టూ అంచు కూడా లేకుండా పోయింది. గ్లాసు నీడ గ్లాసు కిందకే పోయింది. బాబు తన నీడ కోసం చుట్టూ తిరిగాడు. ఎంత తిరిగినా అరికాళ్ల కిందే.

అసలు పని ఆ తర్వాతే మొదలైంది. హైదరాబాద్‌లో నీడ ఎంత? మా అక్క కొడుకు ఏడున్నర సెంటీమీటర్లన్నాడు, మా అక్క ఎనిమిదంది. ఇద్దరిదీ తప్పు కాదు. సూర్యుడు చుక్క కాదు, పళ్లెం. అందుకే మీటరు కర్ర నీడ కొస దాదాపు సెంటీమీటరు మేర మసకబారి ఉంటుంది. సరే, రెండిటితోనూ లెక్క వేద్దామంది అమ్మాయి. అట్లాసులో రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణాల దూరం కొలిస్తే సుమారు 490 కిలోమీటర్లు. రెండు ఊళ్లూ దాదాపు ఒకే నిలువు గీత మీద ఉండడం మా అదృష్టం. ఇక్కడ నీడ లేదు కాబట్టి అక్కడి నీడ కోణమే రెండు ఊళ్ల మధ్య కోణం. అది 360 డిగ్రీల్లో ఎన్నో వంతో, ఈ 490 కిలోమీటర్లు భూమి చుట్టుకొలతలో అన్నో వంతు. కోణం మాత్రం మా ఆయన కాలిక్యులేటర్‌లో తీసిచ్చారు. మిగతా భాగహారం, గుణకారం అంతా తనదే. ఏడున్నరతో వేస్తే భూమి చుట్టుకొలత 41 వేల కిలోమీటర్లు, ఎనిమిదితో వేస్తే 38 వేల ఆరొందలు. ధ్రువాల మీదుగా అసలు చుట్టుకొలత 40,008. రెండు అంకెల మధ్యలో ఉంది! మేడ మీద పైపు, హైదరాబాద్‌లో ఓ కర్ర, ఒక ఫోను పెట్టుకుని పదకొండేళ్ల పిల్ల భూమిని కొలిచింది. రెండు వేల రెండొందల ఏళ్లకు పైగా కిందట ఈజిప్టులో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు చేసిన పని కూడా ఇదే. సయీన్ అనే ఊళ్లో నీడ లేని రోజున అలెగ్జాండ్రియాలో నీడ కోణం చూసి, అది వలయంలో యాభయ్యో వంతని లెక్క కట్టాడు. ఈ కథ తనకి నేను ముందు చెప్పలేదు, కొలత అయ్యాకే చెప్పాను. ముందే చెబితే వినేసి ఊరుకునేది.

మర్నాటి నుంచి నీడ దక్షిణం వైపుకి తిరిగింది. జూన్ 21 నాటికి ఆ వైపు పద్దెనిమిదిన్నర సెంటీమీటర్లు. అంటే వేసవిలో మనకి మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడు! మా ఉత్తరం బాల్కనీలో మే నెల నుంచి ఎండ ఎందుకు పడుతుందో ఇంట్లో అందరికీ అప్పుడు అర్థమైంది. ఆగస్టు 18న మళ్లీ నీడ మాయమవుతుంది గానీ, ఆ నెలలో మబ్బులే ఎక్కువ, నమ్ముకోకండి.

ఇదంతా మన కళ్లెదుట జరుగుతుంటే పిల్లలకి మంచు బొమ్మ, రాలే మేపుల్ ఆకుల బొమ్మలున్న వర్క్‌షీట్లు ఇచ్చి 'నాలుగు కాలాలు' గుర్తుపట్టమంటారు. బెంగళూరు పిల్లాడు మంచు బొమ్మకి రంగులేసి ఏం నేర్చుకుంటాడు? నాకు నిజంగా బాధేస్తుంది. ఇక్కడి చలికాలం అనపకాయలది. జనవరిలో సంచీడు తెచ్చి వలిచి, గింజలు నానబెట్టి, ఇంటిల్లిపాదీ కూర్చుని పితుకుతాం. రెండు వేళ్ల మధ్య నొక్కితే తొక్క చేతిలో ఉండి పప్పు ఎగిరి పోతుంది. పితికిపప్పు పులుసు అయ్యేసరికి బాబుకి విత్తనంలో రెండు బద్దలు, మొలక వచ్చే చోటు అన్నీ నోటికొచ్చేశాయి. కార్తీకం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె అనే జాతర. మన వైపు నుంచి కూడా వేరుశనక్కాయలు తెస్తారు. కాయ మీద గీతలు, ఎన్ని గింజలు, ఏ నేల అని అమ్మేవాళ్లని అడగమని డబ్బిచ్చి పంపిస్తే చాలు, భయం లేకుండా కన్నడ కూడా వస్తుంది. నలుగురిలో కలవరేమో అని బెంగపడే చుట్టాలకి నేను చెప్పే జవాబు కూడా ఇదే. పిల్లలు తమ ఈడు వాళ్లతోనే కాదు, అమ్మేవాళ్లతో, ముసలివాళ్లతో, తోటమాలితో మాట్లాడటం నేర్చుకోవాలి.

వానలకి లెక్కలు. తిన్నటి గోడలున్న డబ్బా ఒకటి బయట పెట్టి స్కేలుతో కొలవండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. మేడ వంద చదరపు మీటర్లయితే పది మిల్లీమీటర్ల వానకి వెయ్యి లీటర్లు. 2024 మార్చిలో బోర్లు ఎండి ఊరంతా ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన రోజుల్లో మా వీధిలో కూడా టెన్షన్‌గానే ఉండేది. ఆ జూన్‌లో మేడ మీద నుంచి కాలవలోకి ఎన్ని లీటర్లు పోతున్నాయో మా అమ్మాయే లెక్క కట్టి తాతయ్యకి చూపించింది. ఆయన వెంటనే సంపు దాకా పైపు వేయించారు.

సిలబస్ గురించి భయపడకండి. ఎన్‌ఐఓఎస్ అంటే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, వాళ్ల ఓబీఈ అనే ప్రాథమిక విద్యా కార్యక్రమంలో ఏ, బీ, సీ స్థాయిలు వరసగా మూడు, ఐదు, ఎనిమిదో తరగతులకి సమానం. పద్నాలుగేళ్లు నిండాక అదే సంస్థలో పదో తరగతికి కట్టొచ్చు. మా అమ్మాయికి ఇంకా మూడేళ్లుంది. లెక్కలు, భాష గట్టిగా ఉంటే మిగతా పాఠాలకి రెండేళ్లు చాలని నా నమ్మకం.

మీరు మొదలుపెట్టాలనుకుంటే డిసెంబర్ దాకా ఆగనక్కర్లేదు. మధ్యాహ్నం ఎండ పడే చోటు, మీటరు కర్ర, పెయింటు డబ్బా ఉంటే ఈ ఆదివారమే గీత గీయొచ్చు. ఇంకో ఊళ్లో తోడుగా కొలిచే పిల్లలుంటే ఇంకా మంచిది. హైదరాబాద్‌లో నీడ మాయమయ్యేది మే 9 ప్రాంతంలో. మీవాళ్లు ఏ ఊళ్లో ఉన్నారో కింద రాస్తే అక్కడి తేదీ మా అమ్మాయి చేత లెక్క వేయించి చెబుతాను. ఢిల్లీ వాళ్లని మాత్రం అడగకండి, అది కర్కట రేఖకి పైన ఉంది, అక్కడ నీడ ఏ రోజూ మాయం కాదు.