జూన్ చివర లీచ్ లేక్‌లో వాలై పట్టాలంటే స్థలం కన్నా వెలుతురు ముఖ్యం

మీరు మిన్నియాపొలిస్ నుంచి జూన్ చివరి వారంలో కుటుంబంతో ఉత్తర మిన్నెసోటాలోని లీచ్ లేక్‌కు వెళ్తున్నారు. వాకర్ ఊరి దగ్గర రిసార్టులో పడవ అద్దెకు తీసుకుంటున్నారు. కిందటి వేసవిలో పగలంతా గాలం వేసినా ఒక్క వాలై చేప కూడా పడలేదు కాబట్టి ఈసారి ఎక్కడ వేయాలి, ఏ ఎర వాడాలి, పిల్లలకు ఇంకేం చేపలు పడతాయి అని అడిగారు. కొన్నేళ్లుగా వేసవి సెలవులకు అదే సరస్సుకు వెళ్తున్నాను కాబట్టి నా అనుభవం మేరకు చెబుతాను. మీ ప్రశ్నలోని ‘పగలంతా’ అన్న మాట దగ్గరే అసలు చిక్కు ఉంది. ఎక్కడ వేయాలన్నది తర్వాత చూసుకోవచ్చు, ఎప్పుడు వేయాలన్నది ముందు తేల్చుకోండి.

వాలై కంటి లోపల కాంతిని వెనక్కి తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది. చీకట్లో టార్చి వేస్తే దాని కళ్లు తళుక్కుమనడానికి కారణం అదే. మన గోదావరి, కృష్ణా సాగరసంగమాల దగ్గర దొరికే పండుగప్ప కళ్లు రాత్రిపూట మెరవడం మీరు చూసే ఉంటారు. ఈ పొర వల్ల వాలైకి మసక వెలుతురులోనూ చూపు బాగా ఆనుతుంది, కానీ దాని ముఖ్య ఆహారమైన ఎల్లో పర్చ్ అనే చిన్న చేపకు ఆ వెలుతురులో సరిగా కనిపించదు. అందుకే సూర్యోదయానికి ముందూ వెనకా, సాయంత్రం పొద్దువాలాక, మబ్బు పట్టిన రోజున అది లోతు తక్కువ చోట్లకు వచ్చి మేస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తూ నీళ్లు అద్దంలా నిలిచి ఉన్నప్పుడు లోతుకు దిగిపోవడమో, నీటి మొక్కల నీడకు చేరడమో చేస్తుంది. ఈ సరస్సులోకి జీబ్రా మస్సెల్స్ అనే పరాయి జాతి గుల్లచేపలు కూడా చేరాయి. అవి నీటిని వడకట్టుకుని తింటూ తేటపరుస్తాయి కాబట్టి, అవి పెరిగిన చోట వెలుతురు ఇంకా లోతుకు దిగుతుంది, వాలై వేటకు సంజవేళ మరింత ముఖ్యమవుతుంది.

జూన్ చివర అక్కడ సూర్యాస్తమయం రాత్రి తొమ్మిది దాటాక అవుతుంది. ఎనిమిదింటికే భోజనాలకని ఒడ్డు చేరే కుటుంబాలు అసలు సమయాన్ని వదులుకుంటున్నాయన్నమాట. మేము సాయంత్రం భోజనం ఆరింటికే ముగించి ఏడున్నరకు పడవ ఎక్కుతాం. పిల్లలు నిద్రకు జోగుతారన్న మాట నిజమే కానీ, మొదటి చేప పడ్డాక ఆ జోగడం ఉండదు.

వెలుతురు తర్వాత చూడవలసింది గాలి. లీచ్ లేక్ లక్ష ఎకరాలకు మించిన సరస్సు. పూర్తిగా మిన్నెసోటా సరిహద్దుల లోపలే ఉన్న సరస్సుల్లో రెడ్ లేక్, మిల్ లాక్స్ తర్వాత పెద్దది ఇదే. ఇంత వెడల్పు నీటి మీద గాలి వీచినప్పుడు లేచే అలలు వెలుతురును విరగ్గొడతాయి, అవి తాకే ఒడ్డున నీళ్లు కలకబారతాయి, చిన్న చేపలు అక్కడ చెదిరి తిరుగుతాయి, వాలై వాటి వెంట వస్తుంది. పట్టపగలు కూడా వాలై పడే సందర్భం ఏదైనా ఉందంటే ఇదే. అక్కడి జాలరులు ఇలాంటి అలలను ‘వాలై చాప్’ అని పిలుచుకుంటారు. గాలి మరుగున హాయిగా ఉండే ఒడ్డున లంగరు వేయాలని మనకు అనిపిస్తుంది గానీ, గాలి తగిలే ఒడ్డునే ఎంచుకోవాలి. అయితే దీనికి ఒక హద్దు ఉంది. ఈ సరస్సులో చాలా భాగం లోతు తక్కువ కావడంతో అలలు చూస్తుండగానే నిటారుగా లేస్తాయి. అద్దె పడవలు చిన్నవి కాబట్టి, అలల తలలు తెల్లగా నురగలు కట్టడం కనిపిస్తే వెనక్కి వచ్చేయండి. పడవ కదులుతున్నంతసేపూ పదేళ్ల లోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకుని తీరాలని మిన్నెసోటా చట్టం చెబుతుంది, పెద్దలకు కూడా తలా ఒకటి పడవలో ఉండాలి. మా పడవలో పెద్దలం కూడా వేసుకునే కూర్చుంటాం.

ఇక స్థలం విషయం. వాకర్ బే మంచి లోతు. ప్రధాన సరస్సు మాత్రం ఇసుక, గులకరాళ్లు, బండరాళ్లు కలిసిన మెరక నేల. వాలై ఏప్రిల్‌లో, మంచు కరిగాక, గులకరాళ్ల మీద గుడ్లు పెడుతుంది. మే నెల మధ్యలో సీజను తెరిచేనాటికి ఆ చుట్టుపక్కలే తిరుగుతూ, జూన్ చివరికి సరస్సంతా చెదిరిపోతుంది. మీరు వెళ్లే సమయానికి రెండు రకాల చోట్లు చూడండి. ఒకటి, నీటి మొక్కలు దట్టంగా పెరిగి ఆగిపోయే అంచు, సుమారు ఎనిమిది నుంచి పన్నెండు అడుగుల లోతులో. రెండు, పైన్ పాయింట్, స్టోనీ పాయింట్, ఆటర్‌టెయిల్ పాయింట్ లాంటి రాతి కొనలు నీటిలోకి సాగి లోతుకు వాలే చోటు. ఈ కొనల్లో ఆనాటి గాలి దేనికి తగులుతోందో దాని దగ్గరికి వెళ్లడమే మా పద్ధతి. రిసార్టు యజమానిని ‘ఏ చోట పడుతున్నాయి’ అని అడిగితే సరస్సు సగం చూపిస్తారు. ‘ఈ వారం ఎన్ని అడుగుల లోతులో పడుతున్నాయి’ అని అడగండి, పనికొచ్చే జవాబు వస్తుంది.

ఆ రోజుల్లో మరో అడ్డంకి కూడా ఎదురుకావచ్చు. జూన్ చివర్లో మేఫ్లై అనే పురుగులు అడుగు బురదలోంచి గుంపులు గుంపులుగా పైకి లేచి రెక్కలు విప్పుకుంటాయి. తెల్లారి చూస్తే పడవ అంచుల మీదా రేవు దీపాల కిందా పొరలు పొరలుగా పడి ఉంటాయి. వాలై ఆ పురుగు పిల్లలతోనే కడుపు నింపుకుంటుంది కాబట్టి, పెద్ద ఎరను మూతి ముందు ఆడించినా పట్టించుకోదు. అప్పుడు ఎర పరిమాణం తగ్గించి, బురద నేల గట్టి నేలను కలిసే అంచున చిన్న జలగనో, వానపాము ముక్కనో చాలా నెమ్మదిగా లాగడం తప్ప మార్గం లేదు.

ఎరలో నా ఓటు జలగకే. వసంతంలో మిన్నో చేపపిల్లలు, నీళ్లు వేడెక్కాక వానపాములు బాగా పనిచేస్తాయి, వాటి నడుమ జూన్ నెల జలగది. జలగ అనగానే మనవాళ్లు చేయి వెనక్కి తీసుకుంటారు గానీ, ఎరల దుకాణంలో డబ్బాలో అమ్మే రిబ్బన్ జలగలు మనిషి రక్తం కోసం పట్టి పీడించే రకం కావు. వేలికి అంటుకున్నా గోటితో నెడితే ఊడివస్తాయి. డబ్బాను ఐస్ పెట్టెలో ఉంచితే అవి మందగించి చేతికి లొంగుతాయి. జలగకు ఒక కొన సన్నగా, రెండో కొన గిన్నెలా వెడల్పుగా ఉంటుంది. ఆ వెడల్పు కొనలోంచి ఒక్కసారే గాలం గుచ్చి వదిలేయాలి. అలా గుచ్చితే నీటిలో దిగాక ఒళ్లంతా సాగి రిబ్బనులా అలలు అలలుగా ఆడుతుంది. నడుమకు గుచ్చితే ఉండచుట్టుకుపోతుంది, ఉండచుట్టుకున్న జలగను చేప ముట్టదు.

గాలానికి సీసపు తల ఉండే జిగ్‌ను, పది అడుగుల లోపు నీటికి ఔన్సులో ఎనిమిదో వంతు బరువుది, గాలి ఎక్కువైనా లోతు పెరిగినా నాలుగో వంతుది తీసుకోండి. దారం ఆరు నుంచి ఎనిమిది పౌన్ల బరువు ఆపేది చాలు. జిగ్ అడుగుకు తగిలేదాకా దారం వదిలి, అరడుగు ఎత్తి, పడవ గాలికి దానంతట అదే కొట్టుకుపోతుంటే అప్పుడప్పుడు కర్ర కొనను పైకి లేపి దింపుతూ ఉండాలి. మన కాలువల్లో జెల్ల లాగినట్టు వాలై గబుక్కున లాగదు. అది నీటితో పాటు ఎరను లోపలికి పీల్చుకుంటుంది కాబట్టి మీ చేతికి తెలిసేది చిన్న ‘టక్’ మాత్రమే. ఒక్కోసారి అదీ ఉండదు, తడిగుడ్డ తగులుకున్నట్టు దారం బరువెక్కుతుందంతే. అప్పుడు కర్ర కొనను కాస్త దింపి, దారం బిగిసిందని తెలిశాక మణికట్టుతో ఒక్కసారి పైకి ఎత్తండి.

పిల్లలకు ఇది కష్టం. వారికి దారం మీద జారే బెండు కట్టి, జలగ సరస్సు అడుగుకు ఒక అడుగు పైన వేలాడేలా బెండును ఆపే ముడి సరిచేసి ఇవ్వండి. చీకటి పడ్డాక చిన్న బ్యాటరీతో వెలిగే బెండ్లు ఎరల దుకాణాల్లోనే దొరుకుతాయి. వేసవిలో గడ్డకట్టని నీటిలో ఒక్కరికి ఒక్క దారమే అనుమతి ఉంటుంది కాబట్టి, మన అలవాటు కొద్దీ పడవ అంచున నాలుగు కర్రలు ఆనించి కూర్చోవడం కుదరదు.

పగటిపూట వాలై కోసం పిల్లలను ఎండలో కూర్చోబెట్టకండి, ఆ సమయం మిగతా చేపలది. రేవు పక్కన, నీటి మొక్కల సందుల్లో చిన్న గాలానికి వానపాము ముక్క గుచ్చి వేస్తే బ్లూగిల్, రాక్ బాస్ వెంటవెంటనే పడతాయి. మొక్కల అంచున కొంచెం లోతులో ఎల్లో పర్చ్ పడుతుంది. లీచ్ లేక్ పెద్ద సైజు పర్చ్‌కు పేరున్న సరస్సు, రుచిలో వాలైకి తీసిపోదని నా అభిప్రాయం. నార్తర్న్ పైక్ మాత్రం పిలవని పేరంటంగా ఎప్పుడైనా వస్తుంది, కత్తుల్లాంటి పళ్లతో దారం కోసేసుకుని జిగ్‌తో సహా పోతుంది. ప్రత్యేకంగా పైక్ కోసమే వేస్తే గాలం ముందు జానెడు ఉక్కు తీగ కట్టండి. దాని దగ్గరి చుట్టమైన మస్కీ కూడా ఈ సరస్సులో ఉంటుంది. ముదురు ఒంటి మీద లేతరంగు మచ్చలుంటే పైక్, లేతరంగు ఒంటి మీద ముదురు మచ్చలో చారలో ఉంటే మస్కీ. ఇంకా అనుమానంగా ఉంటే కింది దవడను తిప్పి చూడండి. ఒక్కో పక్క సన్నని రంధ్రాలు అయిదు లేదా అంతకు తక్కువ ఉంటే పైక్, ఆరు లేదా అంతకు మించి ఉంటే మస్కీ. తెలియక చిన్న మస్కీని ఉంచుకుంటే జరిమానా తప్పదు. వాలైని గుర్తుపట్టడం తేలిక, తోక కింది కొన మీద సున్నం అద్దినట్టు తెల్లని మచ్చ ఉంటుంది. పట్టుకునేటప్పుడు వీపు ముళ్లనూ, అంచు పదునుగా ఉండే మొప్పల మూతనూ తప్పించి పట్టుకోండి.

రోజుకు ఎన్ని, ఏ కొలతవి ఉంచుకోవచ్చన్నది మారుతుంటుంది, సరస్సును బట్టి ప్రత్యేక నిబంధనలూ ఉంటాయి. ఆ ఏటి మిన్నెసోటా డీఎన్ఆర్ (సహజ వనరుల శాఖ) నిబంధనల పుస్తకంలో ‘లీచ్’ పేరు వెతికి చూసుకోండి. నిబంధన అనుమతించినా నేను మాత్రం పధ్నాలుగు నుంచి పద్దెనిమిది అంగుళాలవే ఉంచుకుంటాను. బాగా పెద్దవన్నీ దాదాపు ఆడ చేపలే, వచ్చే వసంతంలో గుడ్లు పెట్టేవి అవే. ముప్పై అడుగుల కన్నా లోతు నుంచి లాగిన చేప వదిలినా చాలాసార్లు బతకదు, లోపలి గాలితిత్తి ఉబ్బిపోతుంది. కాబట్టి అంత లోతులో ‘పట్టి వదిలేద్దాం’ అనే ఆట వద్దు.

లైసెన్సు 16 ఏళ్లు నిండినవారికి కావాలి. రాష్ట్రంలో వరుసగా 60 రోజులు నివాసం ఉన్నవారికి రెసిడెంట్ ధరకే వస్తుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వారికి 24 గంటల, 72 గంటల నాన్‌రెసిడెంట్ లైసెన్సులు ఉన్నాయి. వారు పడవలో ఊరికే కూర్చుంటే అక్కర్లేదు, కర్ర పట్టుకుంటే కావాలి. ఈ సరస్సు చాలావరకు లీచ్ లేక్ ఓజిబ్వే అనే ఆదివాసీ తెగకు కేటాయించిన ప్రాంతం (రిజర్వేషన్) పరిధిలోనిదే అయినా ఇక్కడ రాష్ట్ర లైసెన్సు చెల్లుతుంది. రెడ్ లేక్‌లో అలా కాదు, అక్కడ తెగ పరిధిలోని నీళ్లలో బయటివారు ఇష్టానుసారం వేటాడడానికి వీల్లేదు.

వంట గురించి మీరు అడగలేదు గానీ, ఎలాగూ అడుగుతారు. వాలై కండ తెల్లగా, మెత్తగా పొరలు పొరలుగా విడిపోతుంది, కండలో వై ఆకారపు ముళ్లు ఉండవు. వేపుడుకు శ్రేష్ఠం. పులుసులో వేస్తే చివర్లో వేసి గరిటె పెట్టకుండా గిన్నె తిప్పాలి, లేకపోతే చింతపండు రసంలో చేప కనిపించదు. పులుసుకు గట్టిగా నిలిచేది బుల్‌హెడ్, మన జెల్లల్లాగే మీసాలున్న నున్నని చేప, చీకటి పడ్డాక బురద నేల ఉన్న మెరక నీళ్లలో పడుతుంది. పైక్ రుచిగానే ఉంటుంది కానీ వై ఆకారపు ముళ్లు ఉంటాయి, పిల్లలకు పెట్టేటప్పుడు జాగ్రత్త. పాదరసం కారణంగా 15 ఏళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, గర్భం దాల్చే అవకాశం ఉన్నవారికి మిన్నెసోటా ఆరోగ్యశాఖ వేరే సూచనలు ఇస్తుంది. 20 అంగుళాల లోపు వాలై నెలకు ఒక పూట, బ్లూగిల్, క్రాపీ, పర్చ్ వంటివి వారానికి ఒక పూట తినవచ్చు, 20 అంగుళాలు దాటిన వాలై తినకూడదు.

కొలత నిబంధన ఉన్న చేపలను రిసార్టులోనే ముక్కలు కోసి సంచుల్లో వేసుకుని ఇంటికి తేవడానికి కూడా షరతులు ఉన్నాయి. అవి కూడా అదే పుస్తకంలో ఉంటాయి, కత్తి తీసే ముందే చదువుకోండి. అద్దె పడవ రిసార్టుదే అయినా ఎర మీది. మిగిలిన జలగలను, వానపాములను నీళ్లలో పారబోయకుండా చెత్తబుట్టలో వేయండి. సరస్సు నీళ్లతో ఉన్న ఎర డబ్బాను కారులో తీసుకెళ్లకూడదు. జలగలు మరుసటి వారానికి ఉంచుకోవాలంటే ఆ నీళ్లు ఒడ్డునే వంపేసి, ఇంటి నుంచి తెచ్చుకున్న మంచినీళ్లు పోసి మూత పెట్టుకోండి.