పొద్దున్నే కడుపునొప్పి, అయినదానికీ కానిదానికీ చిరాకు, స్కూలుకి వెళ్లననడం... పిల్లల్లో డిప్రెషన్ ఇలా కూడా ఉంటుందా?

ఏడో తరగతి అబ్బాయి. రెండు నెలలుగా స్కూలు టైముకి కడుపునొప్పి అంటాడు. స్కానింగూ రక్తపరీక్షలూ నార్మల్. ఏం అడిగినా విసుక్కుంటాడు. అత్తగారు దిష్టి అంటున్నారు, మీవారు బద్ధకం అంటున్నారు. డిప్రెషన్ అయితే ఏడుస్తూ మూల కూర్చోవాలి కదా, వీడు అందరి మీదా అరుస్తున్నాడేంటి అన్నది మీ సందేహం. స్కూలు మార్చమంటారా అని కూడా అడిగారు.

పిల్లల్లో డిప్రెషన్ చాలాసార్లు కోపంగానే బయటపడుతుంది. డాక్టర్లు పెద్దవాళ్లలో దిగులు కోసం చూస్తే, పిల్లల్లో దిగులుతోపాటు చిరాకునీ లెక్కలోకి తీసుకుంటారు. దిగులో, చిరాకో, ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోవడమో రెండు వారాలకి పైగా దాదాపు రోజూ ఉండి, దాంతోపాటు నిద్ర, తిండి, ఓపిక, చదువు మీద ధ్యాస దెబ్బతింటుంటే చూపించాల్సిందే. బరువు తగ్గకపోయినా, ఎదిగే వయసులో పెరగాల్సినంత పెరగకపోవడం కూడా ఒక గుర్తే. కడుపునొప్పి, తలనొప్పి నటన కాదు, నిజంగానే నొప్పి ఉంటుంది. "రిపోర్టులో ఏమీ లేదు కదా, లే" అంటే ఆ పిల్లాడికి తన మాట ఎవరూ నమ్మట్లేదనే మిగులుతుంది.

మాది తెనాలి. మా అమ్మాయికి ఎనిమిదో తరగతిలో డిప్రెషన్ వచ్చింది. అంతకుముందు ధనుర్మాసం వస్తే వాకిలి తనదే. రాత్రే నోట్‌బుక్‌లో చుక్కలు పెట్టి, ఏ గడిలో ఏ రంగో రాసుకుని పడుకునేది. ఆ ఏడు వాళ్ల నాన్న రంగుల పొట్లాలు తెస్తే విప్పనైనా విప్పలేదు. "నువ్వే పెట్టుకో అమ్మా" అని గోడవైపు తిరిగి పడుకుంది. మార్కులు అప్పటికింకా తగ్గలేదు కాబట్టి స్కూల్లో ఎవరికీ అనుమానం రాలేదు. నోట్సు తిరగేస్తే మాత్రం, రాసిన లైనే చెరిపి మళ్లీ రాసి, కాగితం చిరిగేదాకా రబ్బరుతో రుద్దిన పేజీలు కనిపించాయి. అందుకే చెబుతున్నా, మార్కుల కన్నా ముందు మీవాడు ఏమేం మానేశాడో చూడండి. ఆటకి వెళ్లడం మానేశాడా? ఫ్రెండ్ వస్తే ఇంట్లో లేనని చెప్పమంటున్నాడా? అంతా ఫోన్ వల్లే అంటారు చుట్టాలు. కొందరు పిల్లలు బాధ మర్చిపోవడానికే ఫోన్లో తలదూరుస్తారు. రాత్రి నిద్ర కోసం పక్కన పెట్టించండి, అంతేగానీ ఒక్కసారిగా లాక్కుని దాచేస్తే గొడవ పెరుగుతుంది.

"ఎందుకలా ఉన్నావ్" అని ఎదురుగా కూర్చుని అడిగితే "ఏం లేదు" తప్ప వేరే జవాబు రాదు. మా ఇంట్లో మాటలు బండి మీద వెళ్లేటప్పుడో, ఇద్దరం కలిసి చిక్కుడుకాయలు ఈనెలు తీసేటప్పుడో వచ్చేవి. "రాత్రి చాలాసేపు దొర్లుతూనే ఉన్నావు, నిద్ర పట్టట్లేదా?" అని చూసిన విషయం చెప్పి ఆగేదాన్ని. వెంటనే సలహా ఇచ్చేదాన్ని కాదు. స్కూల్లోగానీ, ట్యూషన్‌లోగానీ, బంధువుల్లోగానీ ఎవరైనా కొడుతున్నారా, ఏడిపిస్తున్నారా, ముట్టుకోకూడని చోట ముట్టుకుంటున్నారా అన్నది కూడా తప్పకుండా కనుక్కోండి. ఎన్నో కేసుల్లో అసలు కారణం అక్కడే ఉంటుంది.

చావు సంగతి అడగడానికి మనకి నోరు రాదు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయం. అలా జరగదు, అడగడమే మంచిది. "చచ్చిపోదామని ఎప్పుడైనా అనిపించిందా నాన్నా?" అని సూటిగా, మెల్లగా అడగండి. మా అమ్మాయి "నేను లేకపోతే మీకే బాగుంటుంది కదా" అంది. ఆ రోజే ఇంట్లో మందులన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాం, పొలం కోసం తెచ్చిన పురుగుమందు ఇంటి నుంచే పంపించేశాం, తనని ఒంటరిగా వదల్లేదు. మీవాడు అలాంటి మాట అంటే అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మొదట పిల్లల డాక్టరుగారే చూశారు. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించారు, అవి కూడా పిల్లల్ని నీరసంగా, దిగులుగా మార్చగలవు. అవి సరిగ్గానే ఉండటంతో గుంటూరులో మానసిక వైద్యురాలి దగ్గరికి పంపారు. ఆవిడ ముందు మాతో, తర్వాత అమ్మాయితో ఒంటరిగా మాట్లాడారు. వారం వారం కౌన్సెలింగ్, రోజుకి ఒక చిన్న పని: మేడ మీద మొక్కలకి నీళ్లు, వీధి చివరిదాకా నడక. చేయాలనిపించే దాకా ఆగకుండా ముందు చేయడం, ఉత్సాహం తర్వాత వస్తుందన్నది అందులో కిటుకు. అది చాలకపోయేసరికి ఫ్లూఆక్సెటిన్ మొదలుపెట్టారు. ఈ మందు 8 ఏళ్లు దాటిన పిల్లలకి ఇస్తారు. గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో కొందరు పిల్లల్లో అలజడి, ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉంటుంది కాబట్టి కనిపెట్టుకుని ఉండాలి. బాగైపోయింది కదా అని మనంతట మనం ఆపకూడదు, కొన్ని నెలలు వాడి డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. "ఆడపిల్ల, పిచ్చి మందులని తెలిస్తే రేపు సంబంధాలు రావు" అన్నవాళ్లున్నారు. మందు మాత్రం ఆపలేదు.

అత్తగారితో దిష్టి గురించి వాదించకండి. తీయనివ్వండి, నష్టం లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లడం మాత్రం దానికోసం వాయిదా వేయకండి. మా అత్తగారు రోజూ సాయంత్రం తలకి నూనె రాస్తూ ఏమీ అడక్కుండా కూర్చునేవారు. పిల్ల ఆవిడ దగ్గరే ముందు నవ్వింది.

డాక్టర్ ఎక్కడ దొరుకుతారో తెలియకపోతే 14416కి చేయండి. టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఇది, 2022లో కేంద్రం మొదలుపెట్టింది. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పెద్దాసుపత్రి కావాలంటే విశాఖలోనూ, హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ఇన్సూరెన్స్ ఉంటే పాలసీ తీసి చూడండి, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక జబ్బులకి కూడా మిగతా జబ్బులతో సమానంగా కవరేజీ ఇవ్వాలి.

ఇక స్కూలు. ఇప్పుడే మార్చకండి. అక్కడ ఎవరైనా హింసిస్తున్నారని తేలితే అది వేరు, ఒక్కరోజు కూడా పంపొద్దు. లేకపోతే డాక్టరు రాసిచ్చిన కాగితం తీసుకుని క్లాస్ టీచర్‌ని కలవండి. కొన్నాళ్లు సగం పూట పంపుతామని, స్లిప్ టెస్టులు వద్దని, మార్కులు అందరి ముందూ చదవొద్దని అడగండి. మా స్కూల్లో మొదట మొహం చిట్లించారు, కాగితం చూశాక ఒప్పుకున్నారు. 2025 జూలైలో సుప్రీంకోర్టు, విశాఖలో చనిపోయిన ఒక నీట్ విద్యార్థిని కేసులో, వందమంది లేదా అంతకు మించి పిల్లలున్న విద్యాసంస్థలు కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్‌ని పెట్టాలని చెప్పింది. మీ స్కూల్లో ఎవరున్నారో పేరు అడిగి రాసుకోండి. ఏడాది మధ్యలో కొత్త స్కూలు, కొత్త పిల్లలు అంటే మామూలు పిల్లలకే కష్టం. వాడు కాస్త తేరుకున్నాక, మార్చాలా వద్దా అన్నది వాడినే అడగొచ్చు.