జడ్చర్లల దొరికే గోలీలు దుబాయ్‌కి పట్టుకపోవచ్చా?

అమ్మ దుబాయ్‌ల ఉన్న అన్న దగ్గరికి పోతున్నది, నిద్రకు అల్ప్రాజోలం, మోకాళ్ల నొప్పులకు ట్రమడాల్, షుగర్‌తోని వచ్చే అరికాళ్ల మంటలకు ప్రిగాబలిన్ వాడుతది, జడ్చర్లల అడగంగనే ఇస్తున్నరు గదా, కట్టి పంపొచ్చా అని అడిగిన్రు. బీ ఫార్మసీ చదివిన తమ్మునికి అక్కడ పని దొరుకుతదా అని కూడా.

ముందు గోలీల సంగతి. అట్లనే సంచిల పెట్టి పంపకండి. ఈ మూడిట్ల ఏదీ అక్కడ మామూలు మందు కాదు. నేను షార్జాల ఫార్మసీ కౌంటర్ల పనిచేసి వచ్చి, ఇప్పుడు మహబూబ్‌నగర్‌ల మెడికల్ షాపు నడుపుతున్న.

కట్టడి మందులకు ప్రపంచమంతా ఒక్కటే లిస్టు అనుకుంటరు శానామంది. సగమే నిజం. మత్తు మందుల మీద 1961, 1971ల దేశాలన్నీ కూసొని చేసుకున్న ఒప్పందాలు ఉన్నయి. అల్ప్రాజోలం 1971 ఒప్పందంల ఉన్నది. ట్రమడాల్ రెండిట్ల లేదు, అందుకే ఎవరి లెక్క వాళ్లది. అమెరికా, బ్రిటన్ 2014ల దాన్ని కట్టడి చేసినయి, మన దగ్గర ఎన్‌డీపీఎస్ (మత్తు మందుల కట్టడి) చట్టం కిందికి వచ్చింది 2018 ఏప్రిల్‌ల. ప్రిగాబలిన్‌ను బ్రిటన్ 2019ల కంట్రోల్ మందుల్ల కలిపింది, యూఏఈ కూడా అట్లనే చూస్తది. మన ఎన్‌డీపీఎస్ జాబితాల అది లేదు.

కాయితం మీద చూస్తే మన చట్టమేం మెత్తగ లేదు. అల్ప్రాజోలం, ట్రమడాల్ రెండూ 2014 నుంచి అమల్లోకి వచ్చిన షెడ్యూల్ హెచ్1 మందులే. చీటీ లేంది ఇయ్యొద్దు, డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, ఎన్ని ఇచ్చినమో రిజిస్టర్ల రాయాలె, ఆ రిజిస్టర్ మూడేండ్లు ఉంచాలె. కాని ఫార్మసిస్టు సర్టిఫికెట్ గోడకు వేలాడుతది, ఆ మనిషి యాడనో ఉంటడు, కౌంటర్ల ఇంటర్ చదివిన పిల్లగాడు ఉంటడు. సర్టిఫికెట్ కిరాయికి ఇచ్చుడు మన దిక్కు ఎవరికి తెల్వదు? షార్జాల నేను పనిచేసిన కాడ ఈ మందులు తాళమేసిన అల్మారల ఉండేవి, తాళంచెవి ఫార్మసిస్టు దగ్గర. ఒక్క గోలి లెక్క తప్పినా జవాబు చెప్పుకోవాలె.

అల్ప్రాజోలం గురించి పాలమూరోళ్లకు కొత్తగ చెప్పేదేం లేదు. కల్తీ కల్లుల కలిపేది అదే. దుకాణాలు బంద్ అయినప్పుడు మనుషులు వణుక్కుంట, పిచ్చి పిచ్చిగ మాట్లాడుకుంట దవాఖానకు వచ్చుడు చూసిందే గదా. అమ్మ వాడేది డాక్టర్ రాసిన డోసే కావొచ్చు, అయినా రోజూ అలవాటైన ఒంటికి ఒక్కసారిగ ఆపితే అదే గతి పట్టొచ్చు, ఫిట్స్ కూడా రావొచ్చు. కాబట్టి "ఎయిర్‌పోర్టుల లొల్లి ఎందుకు, ఇంట్ల ఇడిసిపెట్టి పో" అనకండి.

ఇప్పుడే డాక్టర్ దగ్గరికి తీసుకపోండి. ట్రమడాల్ బదులు వేరే నొప్పి మందు నడుస్తదా అడగండి, నడిస్తే ఒక తలనొప్పి పోతది. అల్ప్రాజోలం మెల్లమెల్లగ తగ్గించొచ్చా అని కూడా అడగండి. తప్పనిసరి అన్నయాటికి కంపెనీ పేరు కాకుండ అసలు మందు పేరు, డోసు, ఎన్ని రోజులకో రాసిన తాజా చీటీ, మెడికల్ రిపోర్టు తీసుకోండి. వాటితోని యూఏఈ ప్రభుత్వానికి ఆన్‌లైన్ల ముందుగాల దరఖాస్తు పెట్టి, పర్మిషన్ వచ్చినంకనే టికెట్ సంగతి చూడండి. గోలీలు డబ్బాల పోసుకోకుండ పత్తాలతోనే ఉంచండి.

తమ్ముని సంగతి: మన రిజిస్ట్రేషన్ అక్కడ చెల్లదు. దుబాయ్‌కి ఒక సంస్థ, అబుదాబికి ఇంకొకటి, షార్జా దిక్కు ఆరోగ్య శాఖ. సర్టిఫికెట్ల వెరిఫికేషన్ అయ్యి, పరీక్ష పాసైతేనే లైసెన్స్. బీ ఫార్మసీతోని గల్ఫ్‌కు తొవ్వ ఉన్నది. అమెరికా అయితే కష్టం, 2003 తర్వాత పాసైనోళ్లకు కనీసం ఐదేండ్ల ఫార్మసీ డిగ్రీ ఉండాలంటరు, మన నాలుగేండ్లది సరిపోదు. ఆరేండ్ల ఫార్మ్ డీ చేసినోళ్లకు ఆ అడ్డం లేదు.

ఇంకోటి, మాంసం కూరకని అమ్మ ఇంట్ల దంచిన మసాల కట్టుకుంటదేమో చూడండి. అండ్ల గసగసాలు ఉంటే తీపియ్యండి, యూఏఈల అవి కూడా నిషేధమే.