సీజను ఏళ్లు ఎటు పోయాయి?

పీఎఫ్ పింఛనుపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: చక్కెర ఫ్యాక్టరీలో పదకొండు సీజన్లు పనిచేశాను. పదేళ్ల సర్వీసు లేదని పింఛను దరఖాస్తు తిప్పి పంపారు. నాలాంటివాళ్లం పది మందిమి కలిసి హైకోర్టుకు వెళ్దామనుకుంటున్నాం.
– ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: కోర్టు సంగతి తర్వాత, ముందు మీ సర్వీసు లెక్క తెప్పించుకోండి. 1995 ఉద్యోగుల పింఛను పథకం 9వ పేరాకు ఒక వివరణ ఉంది. సీజను కార్మికుడు ఏడాదిలో పనిచేసింది కొద్ది నెలలే అయినా దాన్ని పూర్తి ఏడాదిగా లెక్కించాలి. అంటే పదకొండు సీజన్లకు పదకొండేళ్లు.

తేడా సాధారణంగా ఫారం 3ఎలో, అంటే ఒక్కో సభ్యుడి ఏడాది చందా లెక్క చూపే కాగితంలో వస్తుంది. అందులో చందా లేని రోజులకు ఒక గడి ఉంటుంది, ఆఫీసుల్లో ఎన్‌సీపీ రోజులంటారు. చెరకు క్రషింగ్ ఆగాక ఇంటి దగ్గరున్న రోజుల్ని గుమస్తా అందులో వేశాడంటే కంప్యూటర్ వాటిని సర్వీసులోంచి కోసేస్తుంది. సీజను ఐదు నెలలనుకుంటే పదకొండు సీజన్లకు 55 నెలలు, అంటే నాలుగేళ్ల ఏడు నెలలు. ఆరు నెలలు దాటితే ఏడాది కింద కడతారు కాబట్టి ఐదేళ్లు. పదేళ్లు లేవన్న మాట ఇలా పుడుతుంది.

పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు చట్టం కింద ప్రతి ఏడాది 3ఎ నకలు అడగండి. సీజను కార్మికుడినని చూపడానికి నియామక ఉత్తర్వు, సీజను హాజరు పట్టీ, అన్నిటికీ మించి రిటైనింగ్ అలవెన్సు చీటీలు పనికొస్తాయి. ఖాళీ నెలల్లో ఆ అలవెన్సు ముట్టిందంటే మీరు మానేసి పోలేదని ఫ్యాక్టరీయే ఒప్పుకున్నట్టు. ఇవి జతచేసి, 9వ పేరా ప్రస్తావించి, కారణాలతో ఉత్తర్వు ఇమ్మని ప్రాంతీయ పీఎఫ్ కమిషనరుకు రాయండి. మీ నకలు మీద ఇన్‌వార్డు ముద్ర వేయించుకోవడం మరవొద్దు. నోటిమాటగా కుదరదన్న దాని మీద ఏ కోర్టులోనూ వాదించలేరు.

ఒక గొయ్యి ఉంది. పదేళ్లు లేవనగానే ఫారం 10సీ పెట్టి పింఛను సొమ్ము వెనక్కి తీసుకున్నవారుంటారు. మీ పది మందిలో అలాంటివారుంటే ఒకే పిటిషన్లో కలపకండి, వాళ్ల బలహీనత మీ కేసుకు చుట్టుకుంటుంది. ఒక్కరే పోరాడేవారికి జిల్లా వినియోగదారుల కమిషన్ చవక. పీఎఫ్ సభ్యుడు వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది. గడువు మాత్రం రెండేళ్లు.

ప్రశ్న: 2019లో 58 ఏళ్లకు రిటైరయ్యాను. చివరి 60 నెలల సగటు జీతం 48,000, పథకం అదనంగా కలిపే బోనస్ రెండేళ్లతో సర్వీసు 25 ఏళ్లు. అధిక పింఛనుకు 9 లక్షలు కట్టమని నోటీసు వచ్చింది. కట్టమంటారా?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: అధిక పింఛనంటే పరిమితి జీతం మీద కాక అసలు జీతం మీద లెక్కించే పింఛను. సూత్రం ప్రకారం 48,000ను 25తో గుణించి 70తో భాగిస్తే 17,143 రూపాయలు. పరిమితి జీతం 15,000 మీదైతే 5,357కు మించదు. కానీ పీఎఫ్ కార్యాలయం 2014 సెప్టెంబరు 1కి ముందు సర్వీసును, తర్వాతి సర్వీసును విడదీసి లెక్కిస్తోంది. కనుక చేతికొచ్చేది 17,143 కంటే తగ్గొచ్చు. ఎంతొస్తుందో రాతపూర్వకంగా అడిగాకే డబ్బు కట్టండి.

నోటీసు వెనక పట్టికలో ఏదో ఒక నెల తీసుకుని మీరే లెక్కకట్టి చూడండి. 48,000 జీతమున్న నెలలో 15,000 పోగా 33,000. దాని మీద 9.49 శాతం (8.33, 1.16 కలిపి), అంటే 3,132. అందులో 1.16 శాతం వివాదం నడిచిన ముక్క. ఉద్యోగి దాన్ని అదనంగా కట్టాలనడం చెల్లదని 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు కొట్టేసింది. 2023 మే 3న కేంద్రం దాన్ని యజమాని వాటా 12 శాతంలోంచే తీసేలా మార్చింది. ఆ వాటా రిటైరైనప్పుడు మీరు తీసేసుకున్నారు కాబట్టి తిరిగి తిరిగి మీ దగ్గరికే వచ్చింది. 2014 సెప్టెంబరుకు ముందు నెలలకు 8.33 శాతమే ఉండాలి. అక్కడా 9.49 కనిపిస్తే అభ్యంతరం రాయండి.

జీతం చీటీలతో పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. 3ఎలో ఏప్రిల్ వరుసలో ఉండేది మార్చి జీతం. అది తెలియక పన్నెండు నెలలూ తప్పేనని ఫిర్యాదు రాసేవాళ్లున్నారు.

ఈ పింఛనుకు డీఏ లేదు. మీ తర్వాత జీవిత భాగస్వామికి సుమారు సగమే. కట్టిన 9 లక్షలు మూలధనంగా ఎవరికీ తిరిగి రావు. రిటైరైనప్పటి నుంచి పెరిగిన పింఛను బకాయిలు ఎంతొస్తాయో అందులోంచి తీసేసి, మిగిలింది నెలనెలా పెరిగే మొత్తంతో ఎన్నేళ్లకు తీరుతుందో చూసుకోండి. ఆరోగ్యం సరిగా లేనివారికి, ఏడేళ్లు దాటితేగాని తీరనిదైతే, మేం కట్టమనం.

ప్రశ్న: 2012లో రిటైరయ్యాను, అధిక పింఛనుకు ఆప్షన్ ఇవ్వలేదు. కేసు గెలుస్తామని మనిషికి రెండు వేలు వసూలు చేస్తున్నారు. ఇవ్వనా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: ఇవ్వకండి. 2014 సెప్టెంబరు 1కి ముందు ఆప్షన్ ఇవ్వకుండా రిటైరైనవారికి అధిక పింఛను రాదని 2022 తీర్పు తేల్చేసింది. అప్పట్లో మీరు, యజమాని కలిసి ఆప్షన్ పంపితే గడువు దాటిందని తిప్పికొట్టిన ఉత్తరం బీరువాలో ఉంటే మాత్రం సంగతి వేరు. అది వెతకండి.