ఛాతీ సంగతి తర్వాత, ముందు ఆ గోలీలు చూపించండి

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. గొంతు ఇంకా సన్నగానే ఉంది. ఏడాదిగా ఛాతీ రెండు వైపులా ఉబ్బింది. బళ్లో ‘ఆడంగి’ అని ఏడిపిస్తున్నారట, ఆటల పీరియడ్‌కు పోవడం లేదు. చిన్నప్పటి నుంచి వాళ్లమ్మ పక్కన కూర్చుని బతుకమ్మ పేర్చేవాడు. అందుకే ఇలా అయ్యావని కోపంలో నేనూ రెండుసార్లు తిట్టాను. తెలిసినాయన ఒళ్లు వచ్చే గోలీలు ఇస్తే నెలన్నరగా వేస్తున్నాం. ఆకలి పెరిగింది, ముఖం నిండుగా అయింది. మగ లక్షణాలు తొందరగా రావడానికి ఇంకేదైనా టానిక్ ఉందా?
- ఒక తండ్రి, పరకాల

జవాబు: టానిక్ మాట పక్కన పెట్టండి. మీరు సంతోషంగా రాసిన ‘ముఖం నిండుగా అయింది’ అన్న మాటే నన్ను భయపెట్టింది.

ఒళ్లు వస్తుందని పేరు లేకుండా పొట్లం కట్టి ఇచ్చే గోలీల్లో చాలాసార్లు డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్, దానికి తోడు ఆకలి పెంచే సైప్రోహెప్టడిన్ ఉంటాయి. వాటితో వచ్చేది కండ కాదు, నీరు, కొవ్వు. బీపీ, షుగర్ పెరగొచ్చు, ఎదిగే పిల్లాడికి ఎత్తు దెబ్బతినొచ్చు. జిమ్‌ల చుట్టూ తిరిగే మగ హార్మోన్ గోలీలైతే ఇంకో తంటా. వాటిలో కొన్ని ఒంట్లోకి పోయాక ఆడ హార్మోన్‌గా మారతాయి. ఏ ఛాతీ తగ్గాలని వేశారో అదే పెరుగుతుంది.

మీవి ఏ గోలీలో చూడకుండా చెప్పలేను. స్టెరాయిడే అయితే ఇన్ని రోజుల తర్వాత ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే. కాబట్టి ఇది చదివి పొట్లం పారేయకండి. మిగిలిన గోలీలు పట్టుకుని రేపే పిల్లల డాక్టర్ దగ్గరికో, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి పిల్లల విభాగానికో వెళ్లండి. వాంతులు, బాగా నీరసం, కళ్లు తిరగడం ఉంటే రేపటిదాకా కూడా ఆగొద్దు. నెలన్నర కిందటే ఒక ఓపీ చీటీ రాయించుకుని ఉంటే ఇంత దూరం వచ్చేదా?

ఇక ఛాతీ. ఈడొచ్చే వయసులో దాదాపు సగం మంది మగపిల్లలకు ఎంతో కొంత ఇలా ఉబ్బుతుంది. ఎక్కువ మందికి ఆర్నెల్ల నుంచి రెండేళ్లలో దానంతట అదే తగ్గుతుంది. ఒకవైపే గట్టి గడ్డలా తగిలినా, చనుమొన నుంచి రసి కారినా, 14 నిండినా వృషణాలు పెరగడం మొదలుకాకపోయినా పరీక్షలు కావాలి. డాక్టర్ అక్కడ చూస్తానంటే మొహమాటపడొద్దని అబ్బాయికి ముందే చెప్పండి. గొంతు మారడం కొందరికి ఆలస్యమవుతుంది, దానికొక్కదానికే మందు అవసరం లేదు.

బతుకమ్మ పేరిస్తే హార్మోన్లు మారవండీ. మన ఊళ్లల్లో తెల్లారగట్ల గునుగు, తంగేడు కోసుకొచ్చేది ఎవరు, మగపిల్లలు కాదా?

ఎండాకాలంలోనూ రెండు బనియన్లు తొడిగి, స్కూల్ బ్యాగు ఛాతీకి అడ్డం పెట్టుకుని కూర్చునే పిల్లలు నా ఓపీకి వస్తుంటారు. భుజాలు ముందుకు వంచీ వంచీ మెడనొప్పి అంటారు. అసలు సంగతి మూడోసారి వచ్చినప్పుడు గానీ చెప్పరు. బళ్లో పిల్లలు అన్నది ఒక ఎత్తు, ఇంట్లో తండ్రి అన్నది ఒక ఎత్తు. మీరు అన్న మాటకు మీరే వాడితో ‘తప్పయింది’ అనండి. బడి మానడం, తిండి, నిద్ర తగ్గడం, చచ్చిపోతానన్న మాట రావడం, వీటిలో ఏది కనబడినా మానసిక వైద్యుడికి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళకైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఒక్క ఐదు నిమిషాలు అబ్బాయిని లోపల ఉంచి, మీరు బయట కూర్చోండి.