తెలుగు, ఒడియా రెండూ ఉండే కొత్త సైట్‌కి ఏ సీఎంఎస్ మంచిది? పర్లాకిమిడి నుంచి నా జవాబు

"గుణుపురంలో మా తెలుగు సంఘానికి కొత్త వెబ్‌సైట్ పెడుతున్నాం, తెలుగూ ఒడియా రెండూ ఉండాలి, వర్డ్‌ప్రెస్ తీసుకోవాలా, జూమ్లానా, ద్రూపలా, లేకపోతే తెలిసిన కుర్రాడు ఒకడు సొంతంగా సీఎంఎస్ రాసిస్తానంటున్నాడు, అదా" అని అడిగారు. సీఎంఎస్ అంటే కోడు రాయకుండానే సైట్‌లో రాతలూ ఫొటోలూ పెట్టుకోనిచ్చే సాఫ్ట్‌వేర్. వర్డ్‌ప్రెస్ తీసుకోండి. కుర్రాడికి టీ ఇప్పించి పంపించేయండి. జవాబు ఇంతే కావాలంటే ఇక్కడితో ఆపేయొచ్చు, కానీ ఆ కుర్రాడి గురించి నేను చెప్పాల్సింది చాలా ఉంది.

నాది పర్లాకిమిడిలో డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, సంతాప పత్రాలు, కమిటీ రసీదు బుక్కులు, ఒక వైపు తెలుగు, ఒక వైపు ఒడియా. ఆ పనితో పాటే సైట్లు కూడా చేస్తుంటాను. ఇంజనీరింగ్ చదవలేదు. అయినా సరిహద్దు ఊళ్లలో తెలుగు సైట్లు ఎలా పుడతాయో, ఎలా పోతాయో నాకన్నా దగ్గరగా చూసినవాళ్లు తక్కువే అని నా నమ్మకం.

మా ఊళ్లో రిటైరైన హెడ్మాస్టరు గారు ఒకరున్నారు. పేరు వద్దు, మాస్టారు అందాం. ఈ పక్క ఊళ్ల సంగతులు రాయడం ఆయన పిచ్చి. కొమ్ములతో బొమ్మలు చేసే కుటుంబాలు, పాత నేరో గేజి రైలు, సవరల పాటలు, ఏది దొరికితే అది. అన్నిటికన్నా ముఖ్యం గిడుగు రామమూర్తి పంతులు గారు. పంతులు గారు ఇక్కడే పాఠాలు చెప్పారు, సవర భాషకి వ్యాకరణం, నిఘంటువు ఇక్కడుండగానే కూర్చారు, 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి ఇటు వచ్చేశాక ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ప్రతి ఆగస్టు 29కి, అంటే పంతులు గారి పుట్టినరోజుకి, మాస్టారు కొత్త వ్యాసం ఒకటి పెట్టాల్సిందే.

ఈ రాతలకి సైటు చేసిపెట్టింది మాస్టారి బంధువుల అబ్బాయి. వర్డ్‌ప్రెస్ అందరూ వాడేదండీ, మీకు స్పెషల్‌గా నేనే రాస్తాను అని పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో సొంత సీఎంఎస్ రాసిచ్చాడు. నిజం చెప్పాలంటే చూడ్డానికి బాగానే ఉండేది. కొన్నేళ్లకి ఆ అబ్బాయికి విదేశంలో ఉద్యోగం వచ్చింది, వెళ్లిపోయాడు, నంబరు మారింది. అప్పుడే హోస్టింగ్ వాళ్లు, అంటే సైటుకి సర్వర్‌లో చోటు అద్దెకిచ్చేవాళ్లు, పీహెచ్‌పీ 7కి మార్చారు. 2015 చివర్లో వచ్చిన ఆ వెర్షన్‌లో రాతలన్నీ దాచే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో మాట్లాడే పాత ఫంక్షన్లు పూర్తిగా తీసేశారు. వర్డ్‌ప్రెస్‌కి అప్పటికే కొత్త పద్ధతి ఉంది కాబట్టి దానికేమీ కాలేదు. ఈ సొంత సీఎంఎస్ మాత్రం తెల్ల పేజీ చూపించింది. ఆ కోడు చదవగలిగినవాడు భూమ్మీద ఒక్కడే, వాడు ఫోన్ ఎత్తడు.

అక్కడితో ఆగినా బాగుండేది. పాత వెర్షన్ ఇంకా ఇచ్చే చోటికి సైటు మార్పిస్తామని ఎవరో చెప్తే మాస్టారు సరే అన్నారు. ఆ మార్చినతను డేటాబేస్ దించేటప్పుడు క్యారెక్టర్ సెట్, అంటే ఏ అక్షరాలకి చోటుందో చెప్పే పట్టిక, లాటిన్1 అని పెట్టి దించాడు. లాటిన్1లో పశ్చిమ యూరప్ భాషల అక్షరాలకే చోటు, తెలుగుకి లేదు. చోటు లేని ప్రతి అక్షరానికీ మైఎస్‌క్యూఎల్ ఒక ప్రశ్నార్థకం రాసి పెట్టేస్తుంది. సైటు పైకి లేచింది. తేదీలున్నాయి, ఫొటోలున్నాయి, ఇంగ్లీషులో రాసిన నాలుగు ముక్కలూ ఉన్నాయి. తెలుగు ఉన్న చోటల్లా వరసగా ప్రశ్నార్థకాలు. అతను ఇంగ్లీషు మెనూలు చూసి "అంతా ఓకే సార్" అని మెసేజ్ పెట్టి, డబ్బు తీసుకుని, పాత ఖాతా మూయించేశాడు.

మాస్టారు లాప్‌టాప్ పట్టుకుని మా షాపుకి వచ్చారు. "ఏటిరా ఇది? నేను రాసిందంతా ఏటైపోనాది?"

చూశాను. పిచ్చి గుర్తులు కలిసి కనిపిస్తే ఆశ ఉంటుంది, ఎందుకంటే అవి తెలుగు బైట్లే, తప్పుగా చదువుతున్నాం అంతే, తిరగేసి చదివితే చాలాసార్లు అక్షరాలు వచ్చేస్తాయి. ప్రశ్నార్థకాలు అలా కాదు. అక్కడ అక్షరం పోయి దాని బదులు నిజంగానే ప్రశ్నార్థకం కూర్చుంది. ఇంకొక కాపీ ఎక్కడైనా ఉంటే తప్ప రాదు. ఇదే చెప్పాను.

మాస్టారు ఊరుకునే మనిషి కాదు. "ఒక్కో అక్షరానికి ఒక్కో గుర్తు అంటున్నావు కదా, లెక్కపెట్టి పదం చెప్పేయొచ్చు కదా" అన్నారు. కంప్యూటర్ లెక్కలో "అమ్మ" అంటే అ, మ, పొల్లు, మళ్లీ మ, మొత్తం నాలుగు గుర్తులు మాస్టారూ అన్నాను. సరే, నాలుగుంటే అమ్మే కదా అన్నారు. అత్తకీ నాలుగే, అక్కకీ నాలుగే, అన్నకీ నాలుగే అనేసరికి ఆయన కుర్చీలో వెనక్కి వాలి "అయితే చుట్టాలందరూ ఒకటే అయిపోయారన్నమాట" అన్నారు. షాపులో పెళ్లి కార్డు ప్రూఫు చూసుకోడానికి వచ్చినవాళ్లు కూడా నవ్వారు.

తిరిగి ఎలా వచ్చాయంటే, సగం అదృష్టం. బెంగళూరులో ఉన్న మాస్టారి అమ్మాయి కొత్త రాతలు పంపే ఆ సైటు ఫీడ్‌ని మెయిల్‌కి పెట్టుకుంది, నాన్న ఏం రాసినా పూర్తి వ్యాసం ఆమె ఇన్‌బాక్స్‌లోకి వెళ్లేది. చదివిందో లేదో తెలియదు గానీ డిలీట్ మాత్రం చెయ్యలేదు. ఇంకొన్ని పేజీలు పాత వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో దొరికాయి. మిగిలినవి మాస్టారి దస్తాలోంచి తీసి మా షాపులో అమ్మాయి మళ్లీ టైపు చేసింది. కొన్ని సవర పాటలు మాత్రం రాలేదు, ఆయన నేరుగా సైట్‌లోనే టైపు చేశారు, కాగితం లేదు.

ఆ కుర్రాడు చెడ్డవాడని కాదు, మీ కుర్రాడూ మంచివాడే అయ్యుంటాడు. సొంత సీఎంఎస్ అంటే తాళంచెవి మేస్త్రీ జేబులో ఉన్న ఇల్లు. వర్డ్‌ప్రెస్‌లో టూల్స్, ఎక్స్‌పోర్ట్ నొక్కితే రాసినదంతా ఒక ఎక్స్ఎంఎల్ ఫైల్‌గా చేతికొస్తుంది. ఫొటోలు అందులో రావు, వాటిని విడిగా దించుకోవాలి, కానీ రాత అంతా ఉంటుంది. నేను ప్రతి నెలా ఆ ఫైల్ తీసి నోట్‌ప్యాడ్‌లో తెరిచి తెలుగు తెలుగుగానే కనిపిస్తోందా అని చూస్తాను. తెరిచి చూడని బ్యాకప్ బ్యాకప్పే కాదు.

వర్డ్‌ప్రెస్ 2003 నుంచి ఉంది, ప్రపంచంలో ఉన్న సైట్లలో నూటికి నలభైకి పైగా దాని మీదే నడుస్తున్నాయి, అంటే బాగుచేసే మనిషి పర్లాకిమిడిలో దొరకకపోతే శ్రీకాకుళంలోనో బరంపురంలోనో దొరుకుతాడు. నా దృష్టిలో ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త, వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అనేది వాళ్లే హోస్టింగ్ కూడా ఇచ్చే సర్వీసు. నేను చెప్తున్నది మన హోస్టింగ్‌లో మనమే వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ గురించి.

జూమ్లా గురించి ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. రెండు భాషల సైటు నడిపే ఏర్పాటు దానిలో 2011లో వచ్చిన 1.6 వెర్షన్ నుంచే లోపలే ఉంది, వర్డ్‌ప్రెస్‌లో లేదు, పాలీలాంగ్ లాంటి ప్లగిన్, అంటే అదనంగా తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్, వేసుకోవాలి. కాగితం మీద మీకు జూమ్లానే సరిపోతుంది. కానీ ఆ డాష్‌బోర్డు మీ సంఘం సెక్రటరీ గారి ముందు పెట్టి చూడండి, రెండో రోజు "నువ్వే పెట్టీ బాబూ" అంటారు. ద్రూపల్ పెద్ద సంస్థలకి, జీతానికి డెవలపర్ ఉన్నవాళ్లకి. ద్రూపల్ 7 నుంచి 8కి వెళ్లడమంటే దాదాపు సైటు మళ్లీ కట్టుకోవడమే, ఆ 7కి సపోర్టు 2025 జనవరిలో ఆగిపోయింది. సంక్రాంతికీ ఉగాదికీ ఫొటోలు పెట్టుకునే సంఘానికి ఆ టెన్షన్ ఎందుకు? చందాలు అంతంతమాత్రమైతే బ్లాగర్‌లో పెట్టండి, సిగ్గుపడక్కర్లేదు, హోస్టింగ్ బిల్లు ఉండదు. ఒకప్పుడు తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించిన కూడలి సైటు నిండా ఉన్న బ్లాగుల్లో ఎన్నో దాని మీద రాసినవే.

వర్డ్‌ప్రెస్ మీద నాకు ఫిర్యాదులు లేవని కాదు. 2018 డిసెంబరులో 5.0 వచ్చి ప్రతి పేరానీ ఒక బ్లాక్ చేసేసింది. ఆ రోజు పొద్దున్నే మాస్టారి ఫోను, నా పేరాలన్నీ డబ్బాల్లో పెట్టారేటిరా అని. క్లాసిక్ ఎడిటర్ ప్లగిన్ వేశాను, శాంతించారు. ఇప్పుడాయన టైపు కూడా చెయ్యరు. 2017లో గూగుల్ తెలుగులో మాట టైపయ్యే సౌకర్యం ఇచ్చాక ఫోన్లో చెప్పేస్తారు, మా షాపులో ఒత్తులు సరిచేస్తాం.

ఒత్తులంటే గుర్తొచ్చింది, థీమ్, అంటే సైటు రూపం, ఎంచుకునేటప్పుడు డెమో చూసి మోసపోకండి. ఆ డెమోలు ఇంగ్లీషుకి గీసినవి. వరసల మధ్య ఖాళీ తక్కువగా ఉంటుంది, తెలుగు పెడితే కింది ఒత్తు తెగిపోతుంది, లేదా కింద వరస నెత్తికి తగులుతుంది. ఒడియాదీ అదే గతి. కొనేముందు హెడ్డింగ్‌లో "శ్రీలక్ష్మి", "స్త్రీ", "రాష్ట్రం" అని పెట్టి ఫోన్లో చూడండి. అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగ్ ఉంటే సున్నా చెయ్యండి, అది ఇంగ్లీషుకి అందం, మనకి అక్షరాన్ని విడగొట్టేస్తుంది. మాస్టారి సైట్‌కి వర్డ్‌ప్రెస్‌తో ఉచితంగా వచ్చే థీమే వేశాను, హెడ్డింగులకి మాత్రం గూగుల్ ఫాంట్స్‌లోంచి గిడుగు ఫాంటు. పంతులు గారి పేరు మీదే ఫాంటు ఉందని చెప్తే ఇంకోటి చూపించనివ్వలేదు. ఈ పేజ్ బిల్డర్ల జోలికి, అంటే పేజీని మౌస్‌తో లాగి కూర్చుకునే బరువైన ప్లగిన్ల జోలికి, మాత్రం వెళ్లకండి. ఆర్.ఉదయగిరి కొండల్లో సిగ్నల్‌తో ఆ పేజీ తెరుచుకునేలోపు మనిషి వాట్సాప్‌కి పోతాడు.

లింకుల సంగతి కూడా చెప్పి తీరాలి. తెలుగు శీర్షిక పెడితే వర్డ్‌ప్రెస్ లింకు కూడా తెలుగులోనే తయారుచేస్తుంది. ఒక్కో తెలుగు అక్షరం లోపల మూడు బైట్లు, లింకులో ఒక్కో బైటూ ఒక శాతం గుర్తు, రెండు ఇంగ్లీషు గుర్తులుగా మారి మొత్తం తొమ్మిది గుర్తులవుతుంది. వర్డ్‌ప్రెస్ 200 దగ్గర కత్తిరిస్తుంది. అంటే గుణింతాలు, పొల్లులు కూడా లెక్కేస్తే 22 అక్షరాలు దాటిన శీర్షిక మధ్యలో తెగుతుంది, వాట్సాప్‌లో పంపితే రెండు మూడు వరసల శాతం గుర్తులు కనిపిస్తాయి, జనం వైరస్ అనుకుంటారు. పబ్లిష్ నొక్కే ముందు లింకును ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా మార్చుకోండి.

ఇంక మేటర్, అంటే సైట్‌లో పెట్టే రాత. దయచేసి మేటర్ యూనికోడ్‌లో, అంటే ఫోన్లో టైపు చేసే మామూలు తెలుగులో ఇవ్వండి. మన ప్రెస్సుల్లో తెలుగుకి అను ఫాంట్లు, ఒడియాకి ఆకృతి ఫాంట్లు, పేజ్‌మేకర్‌లో కూర్చిన పాత సంచికలు. అవి ప్రింటుకి బంగారం, కానీ సైట్‌లో పేస్ట్ చేస్తే ఇంగ్లీషు అక్షరాల గజిబిజి వస్తుంది, ఎందుకంటే ఆ ఫాంట్లలో కింద దాగి ఉన్నది ఇంగ్లీషు కోడే. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, మార్చాక ఒత్తులు కూర్చుని దిద్దాలి. ఆ దిద్దే పనికి ఎవరూ డబ్బు లెక్కవేయరు. సైటు చెయ్యడానికి ఎంత అని అడుగుతారు, మేటర్ టైపుకి ఎంత అని ఒక్కరూ అడగరు. వ్యాసాన్ని ఫొటో తీసి, అదీ వంకరగా, వాట్సాప్‌లో పంపి "ఇది పెట్టేయండి" అంటారు. బొమ్మగా పెడితే వెతికినప్పుడు ఆ రాత గూగుల్‌కి దొరకదనుకోండి, అంతే సంగతులు.

డొమైన్, అంటే సైటు చిరునామా, సంఘం పేరున, సంఘం మెయిల్ ఐడీతో కొనండి. కుర్రాడి పేరున కాదు, నా పేరున కూడా కాదు. మొదటి ఏడాది ఆఫరు ధర చూసి సంబరపడకండి, రెన్యూవల్ ధర అడగండి. హోస్టింగ్ వాళ్లని డేటాబేస్ తెలుగు, ఒడియా అన్నీ పట్టే యూటీఎఫ్8ఎంబీ4లో ఉంటుందా అని ఒక్క ప్రశ్న వెయ్యండి, అర్థం కానట్టు మాట్లాడితే ఇంకో చోట చూసుకోండి.

ఒడియా పేజీలు ఎవరు రాస్తారో మీరు చెప్పలేదు. మనిషి తేలకుండా భాష మార్చే బటన్ మాత్రం పెట్టకండి, ఒడియా నొక్కితే ఖాళీ పేజీ, లేదా మెషీన్ అనువాదం వచ్చే సైట్లు ఈ చుట్టుపక్కల కావలసినన్ని ఉన్నాయి, చూసినవాళ్లు మన మీదే నవ్వుతారు. ముందు తెలుగుతో మొదలుపెట్టండి. ఒడియా రాసే మనిషి దొరికాక పాలీలాంగ్ వేసుకోవచ్చు, తెలుగుని మొదటి భాషగా పెడితే పాత లింకులు అలాగే పనిచేస్తాయి.