రెండో లీటరు మానొద్దు

చిరంజీవి చిన్నాకి,

అత్త ఆశీస్సులు. వచ్చే శుక్రవారం పొద్దున పదకొండింటికి మా వదినకి కొలనోస్కోపీ అని చెప్పావు, అంటే కెమెరా ఉన్న గొట్టాన్ని మలద్వారం గుండా పంపి పెద్దపేగు లోపల చూడటం. అరగంట పని, మధ్యాహ్నం దాటాక ఇంటికి పంపేస్తారు. అయితే అది సరిగ్గా జరగడమన్నది ఆరిలోవ ఆసుపత్రిలో కాదు, గాజువాకలో మీ వంటింట్లోనే తేలిపోతుంది. పేగు శుభ్రంగా లేకపోతే ఎంత చెయ్యి తిరిగిన డాక్టరుకైనా చిన్న పాలిప్, అంటే పేగు గోడ మీద పెరిగే కండ, కనబడదు. మళ్లీ ఇంకో రోజు, మళ్లీ అదే పేగు కడిగే మందు, అదే ఖర్చు.

మందుల సంగతి ఇవాళే తేల్చు. వదిన వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని డాక్టరుకి చూపించు. పేర్లు నోటితో చెబితే ఒకటి మర్చిపోతారు. ఐరన్ మాత్ర వారం ముందే ఆపాలి. దానివల్ల మలం నల్లగా, జిగటగా మారి పేగు గోడకి పట్టుకుపోతుంది. షుగర్ మాత్రలో డాపాగ్లిఫ్లోజిన్ గానీ ఎంపాగ్లిఫ్లోజిన్ గానీ కలిసి ఉందేమో చూడు. ఉంటే మామూలుగా 3 రోజుల ముందు ఆపమంటారు. ఆ మందుతో ఉపవాసం ఉంటే ఒంట్లో కీటోన్లనే ఆమ్లాలు పెరిగిపోవచ్చు, షుగర్ రీడింగ్ బాగానే కనిపిస్తూ మనిషి ప్రమాదంలో పడొచ్చు. మిగతా షుగర్ మందులు, ఇన్సులిన్, బీపీ మాత్ర ఏ పూట వేసుకోవాలో, ఏ పూట మానాలో చీటీ మీద రాయించుకో. రక్తం పలచబడే మందు, అంటే క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి ఉంటే మీ అంతట మీరు ఆపొద్దు. గుండె రక్తనాళంలో స్టెంట్ వేసినవాళ్లు అలా ఆపితే గుండెకే ముప్పు. అది గుండె డాక్టరు, ఈ డాక్టరు కలిసి చెప్పాల్సిన మాట.

మంగళవారం నుంచి పీచు, గింజలు ఇంట్లో బంద్. తెల్లన్నం, ఇడ్లీ, పెరుగు, పల్చటి పెసరపప్పు కట్టు, ముల్లు తీసిన వంజరం ముక్క, కోడిగుడ్డు తినొచ్చు. ఆకుకూరలు, గోంగూర, బెండ, వంకాయ, టమాటా, జామ, దానిమ్మ, రాగి, జొన్న వద్దు. అందరూ మరిచిపోయేది పోపు. కూరలో గింజ లేదనుకుంటారు, పైన ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప గింజలు తేలుతూ ఉంటాయి. స్కోపు గొట్టంలో నీళ్లు పీల్చే దారి వెడల్పు సుమారు 4 మిల్లీమీటర్లే. నాలుగు ఆవాలు, ఒక టమాటా తొక్క కలిసి అడ్డుపడితే పని ఆగిపోతుంది. ఆ మూడు రోజులూ పోపు లేకుండా వండించు, వదిన సణిగినా సరే.

గురువారం పొద్దున ఎనిమిదింటికి చట్నీ లేకుండా రెండు ఇడ్లీలు. ఆ తర్వాత గట్టి ఆహారం లేదు, పాలు, మజ్జిగ కూడా లేవు. వడకట్టిన కొబ్బరినీళ్లు, చారు మీది తేట, ఓఆర్‌ఎస్, నిమ్మనీళ్లు, పాలు లేని టీ ఇవ్వొచ్చు. ఎర్రటివి, ఊదావి వద్దు, లోపల రక్తంలా కనిపిస్తాయి. మూడు నాలుగు గంటలకోసారి షుగర్ చూడు. 70 కంటే తగ్గితే మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ చూడు. చెమట పట్టి చేతులు వణికితే రీడింగ్ కోసం ఆగొద్దు.

ఇప్పుడు అసలు మందు. పేగు కడగడానికి మన దగ్గర ఎక్కువగా ఇచ్చే పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) పొడి ప్యాకెట్ 137.15 గ్రాములు, దానికి 2 లీటర్ల నీళ్లు. వేరే మందు ఇస్తే వాళ్ల కాగితం ప్రకారమే వెళ్లు. లీటరు సీసాలు రెండు పెట్టుకుని కొలిచి కలుపు, చెంబుతో అంచనా వద్దు. త్వరగా తాగేయొచ్చని నీళ్లు తగ్గిస్తే లవణాల లెక్క తప్పి ఒంట్లో నీరు పోతుంది. కలిపింది ఫ్రిజ్‌లో పెట్టు, చల్లగా ఉంటే ఉప్పదనం తెలియదు, స్ట్రా పెడితే ఇంకా నయం.

గురువారం సాయంత్రం ఆరింటికి మొదటి లీటరు, పావుగంటకో గ్లాసు చొప్పున. గంట, రెండు గంటల దాకా ఏమీ కదలకపోవచ్చు, కంగారు పడకండి. వికారం వస్తే అరగంట ఆపి, వరండాలో అటూ ఇటూ నడిపించి మళ్లీ మొదలుపెట్టు. చలి వేస్తే శాలువా కప్పు. కుళాయి నీళ్లు వచ్చే వేళకే బకెట్లు నింపేయ్. బాత్రూంలో లైటు వెలుగుతూనే ఉండాలి, నేల తడి లేకుండా తుడువు, రాత్రిపూట జారిపడేది అక్కడే. మంట పుట్టకుండా ముందే కొబ్బరినూనె రాసుకోమను.

రెండో లీటరు శుక్రవారం తెల్లవారుజామున అయిదింటికి. చాలామంది తప్పేది ఇక్కడే. రాత్రికే నీళ్లలా అయిపోయింది కదా, నిద్ర ఎందుకు పాడుచేసుకోవాలని మానేస్తారు. ఆ రాత్రంతా చిన్నపేగు నుంచి పసరు, జిగురు దిగి పెద్దపేగు కుడివైపున పూతలా పేరుకుంటుంది. చదునైన పాలిప్‌లు దాక్కునేదీ అక్కడే. ఆ పూత ఈ లీటరుతోనే పోతుంది. ఆరున్నరకల్లా ముగించండి. చివరికి వచ్చేది లేత పసుపు నీళ్లలా, కింద కమోడ్ అడుగు కనిపించేంత తేటగా ఉండాలి. గోధుమరంగు మడ్డి ఇంకా వస్తుంటే ఏడింటికే ఆసుపత్రికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఎనిమా ఇవ్వడమో, వేళ మార్చడమో వాళ్లు చూసుకుంటారు.

తొమ్మిది తర్వాత గుక్కెడు నీళ్లు కూడా వద్దు. మత్తులో కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. ఎన్‌ఏడీ, మద్దిలపాలెం కూడళ్లు దాటి వెళ్లాలి, ఆఫీసుల వేళ కాబట్టి ఎనిమిదిన్నరకే బయలుదేరండి. కారు మాట్లాడు, ఆటో వద్దు. సీటు మీద రబ్బరు షీటు, ఒక జత బట్టలు పెట్టుకో. కట్టుడు పళ్లుంటే ముందే చెప్పు, గోళ్ల రంగు తీసెయ్, బంగారం ఇంట్లో పెట్టు.

నువ్వు చివరిదాకా అక్కడే ఉండాలి. మత్తు ఇచ్చాక డాక్టరు చెప్పింది వదినకి గుర్తుండదు, నువ్వే రాసుకో. 24 గంటలు బండి నడపడం, పొయ్యి దగ్గర ఒంటరిగా నిలబడటం, సంతకాలు వద్దు. ఉబ్బరంగా ఉంటుంది, గాలి వదిలేయమను, సిగ్గు పడొద్దను. పరీక్షకి పేగులోంచి ముక్క తీస్తే దాని రిపోర్టు ఏ రోజు ఇస్తారో అడిగి రాసుకో. పొట్ట గట్టిపడి నొప్పి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, రక్తం గడ్డలుగా పడినా, మలం తారులా నల్లగా వచ్చినా ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్లు, తెల్లారేదాకా చూడకు.

గురువారం రాత్రి మొదటి లీటరు అవ్వగానే నాకు ఫోన్ చెయ్యి. అయిదింటికి నేనే లేపుతాను.

మీ అత్త